జేబులో పాత కంప్యూటర్



నేను నారాయణఖేడ్‌లో డీటీపీ పని చేస్తాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, రశీదు పుస్తకాలు, బడి ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడు ఒక చిన్న పుస్తకం. ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలో దిగి. ఇవాళ మీకు ఒక పాత కంప్యూటర్ సంగతి చెప్తాను. ఆ పెట్టె ఇప్పుడు లేదు. కానీ దానిలోపల ఉన్నదంతా, విండోస్‌తో సహా, అరచేతిలో పట్టే ఒక చిన్న డిస్కులో ఉంది. దాన్ని అట్లా ఎందుకు దాచుకోవాల్సి వచ్చిందో చెప్పాలంటే ఒక సార్ గురించి మొదలుపెట్టాలి.

సార్ రిటైరైన పంతులు. ఉద్యోగం చేసినన్నాళ్లూ మా చుట్టుపక్కల తండాల బడుల్లోనే చేశారు. సాయంత్రాలు తండాలోనే ఉండిపోయి, ముసలి అవ్వల పక్కన కూర్చొని ఢావ్లో పాటలు రాసుకున్నారు. ఢావ్లో అంటే లంబాడీ పెళ్లికూతురు పుట్టింటిని విడిచిపోతూ ఏడుస్తూ పాడే పాట. తల్లిని, తండ్రిని, అన్నదమ్ములను, తండాను పేరుపేరునా తలుచుకుంటుంది. ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు. ఈ తరం పెళ్లిళ్లలో ఆ పాట వినిపించడం తగ్గిపోయింది. లంబాడీ భాషకు సొంత లిపి లేదు కాబట్టి సార్ వాటిని తెలుగు అక్షరాల్లో రాశారు. 2006లో ఆ నోటుబుక్కులు నా దగ్గరికి తెస్తే నేను కంపోజ్ చేశాను. పుస్తకం అచ్చు కాలేదు, డబ్బు సమకూరలేదు. ఫైళ్లు ఒక సీడీలో రాసి సార్‌కు ఇచ్చాను.

ఇన్నేళ్లకు ఆ సీడీ పట్టుకొని మళ్లీ వచ్చారు. దాని మీద మార్కర్‌తో రాసిన రాత నాదే.

"తమ్మీ, ఇవి నువ్వు కొట్టినవే గదా. మా మనుమరాలు లాప్‌టాప్‌ల పెట్టి చూసింది. ఒకటి అసలు తెరుసుకుంటలేదు. ఇంకోటి తెరుసుకున్నది గని, అండ్ల తెలుగు లేదు."

"నోటుబుక్కులు ఉన్నాయా సార్?"

"యాడియి? ఇల్లు కురిసిన ఏడు అన్నీ తడిసి ముద్దయినయి. పాడిన అవ్వలు గూడ ఒక్కొక్కరే పోయిరి."

సీడీ మీద గీతలు పడ్డా డ్రైవు దాన్ని చదివింది. ఫైళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మొదటిది, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో చేసిన పీఎండీ ఫైలు, దాన్ని ఈనాటి కంప్యూటర్ గుర్తుపట్టలేదు. రెండోది, ఉత్తి పాఠం ఉన్న ఫైలు, తెరుచుకుంది. తెర నిండా ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, పైన చుక్కలు పెట్టిన యూరపు అక్షరాలు. ఢావ్లో అందులోనే ఉంది. కానీ చదవడానికి లేదు.

ఎందుకట్లా అయిందో కొంచెం వివరంగా చెప్పాలి. మన జిల్లాల్లో వేల ఇళ్లలో, ఆఫీసుల్లో, ప్రెస్సుల్లో ఇట్లాంటి ఫైళ్లే ఉన్నాయి.

డీటీపీ అనే మాటే పేజ్‌మేకర్‌తో పుట్టింది. 1985లో ఆల్డస్ అనే అమెరికా కంపెనీ దాన్ని తెచ్చింది. వెనిస్ నగరంలో ఐదు వందల ఏళ్ల కిందటి ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ పేరే ఆ కంపెనీకి పెట్టుకున్నారు. 1994లో ఆ కంపెనీ అడోబ్‌లో కలిసింది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 తర్వాత ఇక పెద్ద వెర్షన్ రాలేదు. తెలుగునాట మాత్రం పేజ్‌మేకర్, దానికి తోడు 'అను' అనే పేరుగల తెలుగు ఫాంట్లు, ఈ జంట మీదే పెళ్లి పత్రిక నుంచి నవలదాకా నడిచాయి. ఇవాళ్టికీ నడుస్తున్న ప్రెస్సులు ఉన్నాయి.

ఆ కాలపు ఫాంట్లలో తెలుగు నిజంగా తెలుగుగా ఉండేది కాదు. ఒక ఫాంటుకు 256 గదులు. ఆ గదులు ఇంగ్లిషు, యూరపు అక్షరాల కోసం పెట్టినవి. మనవాళ్లు ఎంతో తెలివితో ఆ గదుల్లో మన అక్షరాల ముక్కలు సర్దారు. ఒక గదిలో తలకట్టు, ఇంకో గదిలో గుడి, మరో గదిలో వత్తు. ఆపరేటర్ మీటలు నొక్కితే ముక్కలు ఒకదాని పక్కన ఒకటి చేరి అక్షరం అయ్యేది. ఫైలులో నిలిచేది మాత్రం గది నంబర్లే. ఆ ఫాంటు ఉంటే ఆ నంబర్లు తెలుగుగా కనబడతాయి, లేకపోతే ఆ గదిలో మొదట ఉన్న యూరపు అక్షరాలే తేలతాయి. సార్ మనుమరాలు చూసింది అదే. పైగా ఒక్కో కంపెనీ ముక్కలను ఒక్కో తీరుగా సర్దుకుంది. ఒకరి ఫైలు ఇంకొకరి ఫాంటుకు అర్థం కాదు.

ఒక్కో భాష అక్షరాలకు వాటి సొంత నంబర్లు ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగు 1991లో మొదటి వెర్షన్ నుంచే ఉంది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా వచ్చింది. అంటే నా పాత సిస్టంలోనే రెండు తెలుగులూ పక్కపక్కన ఉన్నాయి. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు రాదు. మేం మాకు అన్నం పెట్టేదానితోనే పోయాం.

మా ఖేడ్ సంగతి ఇంకొంచెం చిక్కు. ఇక్కడ పెళ్లి పత్రిక ఒక్క తెలుగులోనే ఉండదు. కన్నడంలో అడుగుతారు, మరాఠీలో అడుగుతారు, ఉర్దూలో అడుగుతారు. ఉర్దూకు ఇన్‌పేజ్, కన్నడానికి నుడి, మరాఠీకి శ్రీలిపి. వీటన్నిటి పాత వెర్షన్లూ ఒకే డబ్బాలో, ఒకే ఎక్స్‌పీ మీద సంసారం చేసేవి. దాన్ని అట్లా కుదుర్చుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది.

ఫైలు ఉండీ చదవలేకపోవడం అనే బాధ మా ప్రాంతానికి కొత్త కాదు. 1956 నవంబర్ 1 దాకా నారాయణఖేడ్ బీదర్ జిల్లాలో తాలూకా. రాష్ట్రాలు భాషల వారీగా విడిపోయినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది, మేం మెదక్‌కు వచ్చాం. 2016 అక్టోబర్ నుంచి సంగారెడ్డి జిల్లా. జిల్లాలు మారినా భూమి కాగితాలు మారలేదు. సేత్వార్లు అనే నిజాం కాలపు భూమి రికార్డులు ఉర్దూలో, గొలుసుకట్టు రాతలో ఉంటాయి. మా తాత దగ్గర అట్లాంటి కాగితం ఒకటి ట్రంకు పెట్టెలో భద్రంగా ఉండేది. చెదలు పట్టలేదు, చినగలేదు. కానీ దాన్ని చదివించుకోవడానికి ఊళ్లు తిరిగి ఒక ముసలి మున్షీని వెతుక్కోవాల్సి వచ్చింది. కాగితాన్ని కాపాడుకున్నంత శ్రద్ధగా చదివేవాణ్ని కాపాడుకోలేం కదా, మనిషి కాబట్టి. కంప్యూటర్ విషయంలో మాత్రం ఆ అవకాశం ఉంది. మున్షీని కూడా పెట్టెలో పెట్టి దాచుకోవచ్చు.

సార్ వచ్చేనాటికి నా పాత సిస్టం మూలన పడి ఉంది. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. ఒకసారి ఆన్ అయితే రెండుసార్లు కాదు. అదృష్టం కొద్దీ హార్డ్ డిస్క్ మాత్రం బతికే ఉంది.

మొదట నాకు తోచింది అందరికీ తోచేదే. ఆ డిస్కును కేసులో పెట్టి యూఎస్‌బీ తీగతో కొత్త కంప్యూటర్‌కు తగిలించి, దాని నుంచే బూట్ చేద్దాం అని. లైనక్స్ పెన్‌డ్రైవ్ నుంచి హాయిగా లేస్తుంది కదా, ఎక్స్‌పీ ఎందుకు లేవదు అనుకున్నాను. కొత్త మెషీన్ దాన్ని కన్నెత్తి చూడలేదు. ఇప్పటి బోర్డుల్లో యూఈఎఫ్ఐ పద్ధతి ఉంటుంది, మనం వాడిన ఎక్స్‌పీకి పాత బయోస్ పద్ధతే తెలుసు. అప్పుడు పాత పద్ధతి కూడా ఉన్న వేరే సిస్టం ఒకటి అడిగి తెచ్చుకున్నాను. విండోస్ గుర్తు తెర మీదికి వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే నీలం తెర. అడుగున ఒక నంబరు, సున్నాలు వరసగా వచ్చి చివర 7బీ.

ఆ నంబరుకు అర్థం, నేను ఏ డిస్కు నుంచి లేస్తున్నానో ఆ డిస్కే నాకు కనబడటం లేదు అని. ఎక్స్‌పీ మొదట బయోస్ చేయి పట్టుకొని లేస్తుంది. సగం లేచాక యూఎస్‌బీని తన చేతిలోకి తీసుకోవడానికి దాన్ని ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. తను కూర్చున్న డిస్కు ఆ యూఎస్‌బీ మీదే ఉందాయె. కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. దీన్ని దాటించే తంటాలు పడ్డవాళ్లు ఉన్నారు, కొందరికి కుదిరింది కూడా. నాకు సార్ ఫైలు ముఖ్యం కాబట్టి దానితో పోట్లాడుతూ కూర్చోలేదు.

ఎక్స్‌టర్నల్ డిస్కు నుంచి మొత్తం విండోస్ నడపడాన్ని మైక్రోసాఫ్ట్ తర్వాత తనే ఒప్పుకుంది. విండోస్ 8తో విండోస్ టు గో అని ఒక సదుపాయం ఇచ్చింది, పెద్ద సంస్థల కోసం. 2020లో దాన్ని తీసేసింది. ఆపిల్ మ్యాక్‌లలో ఈ పని ఎప్పటినుంచో సులువు. 2019లో కాటలీనా అనే సిస్టం వచ్చి 32 బిట్ ప్రోగ్రాములన్నిటినీ ఆపేస్తే, చాలామంది దానికి ముందుదైన మొహావీని ఒక బయటి డిస్కులో వేసుకున్నారు. పాత ప్రోగ్రాము కావాల్సిన రోజు ఆ డిస్కు తగిలించి, ఆప్షన్ మీట పట్టుకొని ఆన్ చేసేవాళ్లు. ఇప్పుడు ఆపిల్ సొంత చిప్పుతో వచ్చే మ్యాక్‌లలో మొహావీ నడవనే నడవదు. దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. అందుకే ఈ మాటలు ఇప్పుడే చెప్పాలనిపించింది.

నేను చివరికి పట్టుకున్న దారి వర్చువల్ మెషీన్. కొత్త కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాము నడుస్తుంది. అది తనలోపల ఒక పాత కంప్యూటర్ ఉన్నట్టు నటిస్తుంది. పాత బయోస్, పాత డిస్కు, పాత తెర, అన్నీ ఉన్నట్టే. అందులో ఎక్స్‌పీని లేపితే అది తాను 2006లో ఏదో బల్ల మీద ఉన్నాననే అనుకుంటుంది. వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది, నేను దాన్నే వాడాను. పాత డిస్కులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఒకే పెద్ద ఫైలుగా మార్చడానికి డిస్క్2వీహెచ్‌డీ అని మైక్రోసాఫ్ట్‌దే ఒక చిన్న ఉపకరణం ఉంది. విండోస్, పేజ్‌మేకర్, ఫాంట్లు, కీబోర్డు అమరిక, నేను ఏళ్ల తరబడి కుదుర్చుకున్న సెట్టింగులు అన్నీ ఆ ఒక్క ఫైలులోకి వచ్చేశాయి. ఆ ఫైలు ఒక ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీలో పెట్టాను. ఇప్పుడు ఏ మంచి కంప్యూటర్‌కైనా దాన్ని తగిలించి, వర్చువల్‌బాక్స్ ఉంటే చాలు, నా పాత సిస్టం కిటికీలో కిటికీగా తెరుచుకుంటుంది.

మొదటి రోజే అంతా కుదిరిందనుకోకండి. మెషీన్ మారింది కాబట్టి ఎక్స్‌పీ మళ్లీ యాక్టివేషన్ అడిగింది. అసలు సీడీ, దాని కీ దాచుకున్నవాళ్లకే అక్కడ ధైర్యం. మన భాషల సాఫ్ట్‌వేర్లు కొన్నిటికి డాంగిల్ అని కంప్యూటర్‌కు తగిలించే చిన్న తాళం ఉంటుంది, అది లేకపోతే ప్రోగ్రాము తెరుచుకోదు. నాది యూఎస్‌బీ డాంగిల్ కాబట్టి లోపలి మెషీన్‌కు అందించగలిగాను. పాత ప్రింటర్ పోర్టుకు పెట్టే డాంగిల్ ఉన్నవాళ్లకు ఇది పెద్ద అడ్డంకి. వాళ్లు ఇప్పుడే ఆలోచించుకోవాలి. ఆ పోర్టు ఉన్న బోర్డులు అరుదైపోతున్నాయి.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్తాను. ఆ లోపలి ఎక్స్‌పీకి ఇంటర్నెట్ ఇవ్వకండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది, విండోస్ 7కు 2020 జనవరి 14తో. 2017 మే నెలలో వానక్రై అనే వైరస్ లోకమంతా చుట్టేసింది, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మన దగ్గర ఉన్నది ఇంకెక్కడా లేని పాట అయినప్పుడు అట్లాంటి ప్రమాదానికి తావివ్వకూడదు. వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ తీసేస్తే సరిపోతుంది. ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒకే ఒక ఫోల్డరు ఉంచుకోండి. ఇంకోటి, ఎస్ఎస్‌డీని ఏళ్లకేళ్లు కరెంటు తగలకుండా బీరువాలో పెడితే అందులోని సమాచారం చెదిరిపోయే ప్రమాదం ఉంది. అప్పుడప్పుడు తగిలించి తెరిచి చూడాలి. రెండో కాపీ మామూలు హార్డ్ డిస్కులో, వేరే ఇంట్లో ఉండాలి.

సరే, సార్ సంగతికి వద్దాం.

పీఎండీ ఫైలు తెరుచుకుంది. మొదటి పేజీ, పక్కన సన్న గీత, పైన నేను పెట్టిన పూల బొమ్మ. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు.

అక్కడితో పని అయిపోలేదు. సార్ మనుమరాలు ఫోనులో చదవాలంటే, రేపు ఎవరైనా వెతికితే దొరకాలంటే, అది యూనికోడ్‌లోకి రావాలి. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మామూలు తెలుగుకు బాగానే పనిచేస్తాయి. కానీ పాత ఫాంటులో ముక్కలు కంటికి కనబడే వరుసలో ఉంటాయి, యూనికోడ్‌లో నోటికి వచ్చే వరుసలో ఉంటాయి. ఆ వరుస మార్చేటప్పుడు వత్తులు, గుణింతాలు అక్కడక్కడ తారుమారవుతాయి. తెలుగు మాట అయితే తప్పు చూడగానే తెలుస్తుంది. ఇది లంబాడీ. పైగా తెలుగులో లేని పలుకుల కోసం సార్ అప్పుడు కొన్ని అక్షరాల కింద చుక్కలు పెట్టించారు. వాటిని నేను ఫాంటులో దొరికిన ఏదో ఒక చుక్క తెచ్చి కింద అతికించాను. కన్వర్టర్‌కు ఆ చుక్కలు చెత్త. అన్నిటినీ ఏరి పారేసింది.

ఇక్కడే పాత సిస్టం విలువ నాకు పూర్తిగా తెలిసింది. మార్చిన పాఠం ఒక కిటికీలో, పాత పేజ్‌మేకర్ ఇంకో కిటికీలో. ఏది సరైనదో చెప్పగలిగింది ఆ పాత తెర ఒక్కటే. చాలామంది కన్వర్ట్ అయిపోయింది కదా అని పాతదాన్ని చెరిపేస్తున్నారు. దయచేసి చెరపకండి. మనిషి కూర్చొని ఇటూ అటూ చూసి ప్రతి పేజీ సరిపోల్చేదాకా పాతదే సాక్షి. పేజ్‌మేకర్ ఫైళ్లను ఇన్‌డిజైన్ అనే ప్రోగ్రాము కూడా తెరిచేది, సీఎస్6 వెర్షన్ దాకా. ఆ తర్వాత వచ్చినవి తెరవవు. పేజీలను పీడీఎఫ్‌గా కూడా తీసిపెట్టాను. ఫాంటు అందులోనే ఇమిడి ఉంటుంది కాబట్టి ఎక్కడ తెరిచినా అచ్చు అట్లాగే కనబడుతుంది. అది బొమ్మలా చూడటానికి పనికొస్తుంది. దిద్దుకోవడానికి మాత్రం అసలు ఫైలే కావాలి.

విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో గడువు ముగిసింది. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు, పాత మెషీన్లను అది ఒప్పుకోదు. అంటే ఈ ఏడూ వచ్చే ఏడూ మన ప్రెస్సుల్లో, బడుల్లో, సంఘాల ఆఫీసుల్లో ఎన్నో పాత డబ్బాలు తూకానికి పోతాయి. వాటితోపాటే ఊరి జాతర లెక్కలు, ఆగిపోయిన పత్రికల సంచికలు, ఎవరో తమ తాత గురించి రాయించుకున్న నాలుగు పేజీలు కూడా పోతాయి. స్క్రాప్ బండి వాడికి ఇచ్చేముందు డిస్కు తీసి పక్కన పెట్టండి. దగ్గర్లో తెలిసిన కుర్రవాడు ఉంటే ఒక పూట కూర్చోబెట్టండి. నేనూ ఒక కుర్రవాణ్ని పక్కన కూర్చోబెట్టుకునే ఇదంతా చేశాను. బీదర్‌లో చదువుకుంటున్న మా అక్క కొడుకు. నాకు పేజ్‌మేకర్ తెలుసు, వాడికి వర్చువల్ మెషీన్ తెలుసు. ఇద్దరిలో ఏ ఒక్కరం లేకపోయినా ఈ పని అయ్యేది కాదు.

ఇప్పుడు సార్ వారానికి రెండు సాయంత్రాలు షాపుకు వస్తారు. డిస్కు తగిలిస్తాను, పాత విండోస్ తెరుస్తాను. సార్ తెర మీది పాట పైకి చదువుతారు, నేను యూనికోడ్ పాఠంలో అక్షరం అక్షరం చూసుకుంటాను, చుక్కలు మళ్లీ పెడతాను. చదువుతూ చదువుతూ ఆయన గొంతు ఎప్పుడు పాటలోకి పోతుందో ఆయనకే తెలియదు. జిరాక్స్‌కు వచ్చినవాళ్లు కూడా నిలబడిపోతారు.

మొన్న అట్లాగే ఒక పాట మూడో చరణంలో ఆగిపోయారు.

"తమ్మీ, ఈడ తప్పున్నది. అవ్వ అట్ల పాడలే. 'డ' కాదు, 'ఢ' రావాలె."

పాత పేజ్‌మేకర్‌లో, యూనికోడ్‌లో రెండుచోట్లా అదే అక్షరం. అంటే ఆ తప్పు కన్వర్టర్‌ది కాదు, 2006లో నేను కొట్టినప్పటిది. ముందు పేజ్‌మేకర్ కిటికీలోకి వెళ్లాను. వేళ్లకు పాత కీబోర్డు ఇంకా గుర్తుంది. ఆ అక్షరం దిద్ది కంట్రోల్ ఎస్ నొక్కాను.

సార్ ఆ చరణం మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు.